నీరడిని మరిచిన ఆనకట్టలు
ఆత్మకూరు ప్రాంత నీటి చరిత్ర గురించి కొన్ని ప్రశ్నలు

2019 డిసెంబర్ 31న సరళాసాగర్ కట్ట తెగింది. కొత్తకోట నుంచి ఆత్మకూరు పోయే దారిలో మదనాపురం వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే శంకరంపేట దగ్గర, చిన్నవాగు మీద, అరవై ఏండ్ల కింద కట్టిన రిజర్వాయర్ అది. పట్టేది అర టీఎంసీ నీళ్లే. నాలుగు వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. యాసంగి పంట ముందట్నే ఉండగా గండి పడి నీళ్లన్నీ వాగులో కలిసి కిందికి, రామన్‌పాడు దిక్కు పోయినయి. తర్వాత ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది, గండి పూడ్చింది, మళ్లీ నీళ్లు నిలిపింది. కథ అక్కడికి ముగిసిందనుకున్నారు అందరూ.

మా ఉద్దేశంలో కథ అక్కడ ముగియలేదు, మొదలైంది కూడా అక్కడ కాదు. ఒక పాత ఆనకట్ట తెగినప్పుడు దాన్ని మళ్లీ కట్టాలా, బాగు చేయాలా, లేక మొత్తానికే తీసేయాలా అన్న ప్రశ్న ఇవ్వాళ ప్రపంచమంతటా లేస్తున్నది. అమెరికాలో నగరపాలికలు తమ నదుల మీది పాత ఆనకట్టల్ని తీసేయడానికి గ్రాంటు ఇప్పించమని ప్రభుత్వాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్నయి. మన దగ్గర పాత ఆనకట్టల్ని నిలబెట్టడానికి ప్రపంచ బ్యాంకు దగ్గర అప్పు తెస్తున్నరు. అక్కడ తీసేయడానికి డబ్బు, ఇక్కడ నిలబెట్టడానికి డబ్బు. రెండు చోట్లా ఫైలు మీద ఉండేది ఇంజనీరు, మంత్రి, బ్యాంకు. ఆ నీళ్లను తరతరాలుగా కాసినవాడు, ఆ కట్టకు మట్టి మోసింది, ఆ నీళ్ల కింద భూమి పోగొట్టుకున్నవాడు ఫైల్లో ఎక్కడా కనపడరు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

సంస్థానం, చెరువు, నీరడి

ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. నైజాం కింద అరవై పైచిలుకు ఊళ్ల మీద పెత్తనం చేసిన చిన్న సంస్థానం అది. దక్షిణాన కృష్ణ పారుతుంది. అటు గద్వాల, ఇటు వనపర్తి సంస్థానాలు. ఇవ్వాళ ఈ ఊళ్లు 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాలో ఉన్నయి, అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లా. సంస్థానాల చరిత్ర అంటే మనకు కోటల చరిత్ర, కవిపండితుల చరిత్ర, రాజుల వంశవృక్షం. వీటి మీద పుస్తకాలున్నయి. కానీ ఈ సంస్థానాల ఆదాయం ఎక్కడి నుంచి వచ్చింది? తరి భూమి నుంచి. తరి భూమికి నీళ్లెక్కడివి? చెరువువి. చెరువును కాసిందెవరు? ఈ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మన చరిత్రకారుల కలం ఆగిపోతుంది.

చెరువును కాసినవాడు నీరడి. మన దిక్కు నీరటోడు అంటరు. చాలా ఊళ్లలో మాలోళ్లో మాదిగోళ్లో ఆ పని చేసిన్రు. కొన్ని చోట్ల ముదిరాజులు, బెస్తలు చేసిన్రు. నీరడి పని అంటే తూము తెరిచి మూసుడొక్కటే కాదు. వానకాలంలో చెరువు నిండుతున్నదంటే రాత్రింబవళ్లు కట్ట మీద ఉండాలె. ఎలుక బొక్కలు, పీతల బొక్కలు వెతికి పూడ్చాలె. కట్ట మీద మొలిచిన చెట్టు వేరు ఎంత లోపలికి పోయిందో చూడాలె. కట్ట వెనక తడి ఎక్కడ ఊరుతున్నదో, ఊరే నీళ్లు తేటగా ఉన్నయా మట్టి కలిసి వస్తున్నయా కనిపెట్టాలె. తేట నీళ్లయితే కొంత నిమ్మళం. మట్టి నీళ్లయితే కట్ట లోపల కరుగుతున్నట్టు. అప్పుడు డప్పు కొట్టి ఊరిని లేపాలె. తూము బిరడా ఇరుక్కుంటే నిండు చెరువులో మునిగి తీయాలె. మత్తడి దుంకేటప్పుడు ఎంత నీరు పోతున్నదో చూడాలె. నీళ్లు తక్కువైన యేడు ఎవరి మడికి ఎంతసేపు అన్న వంతు చూడాలె.

ఇవ్వాళ ఇంజనీరింగ్ కాలేజీల్లో మట్టికట్టల భద్రత గురించి చెప్పే పాఠంలో సగం ఇదే. ఊట నీళ్ల రంగు చూడమని, జంతువుల బొరియలు పూడ్చమని, చెట్లు పెరగనీయొద్దని పుస్తకాల్లో రాసి ఉంటది. నీరడి దాన్ని పుస్తకంలో చదవలేదు. అతని తెలివికి శాస్త్రమన్న పేరు రాలేదు. చాకిరి అన్న పేరు వచ్చింది.

ఇంత చేసినందుకు అతనికి దక్కింది చెరువు కింద ఓ చెక్క ఇనాం భూమి, పంట కోతల్లో కళ్లం కాడ ఇన్ని గింజల మేర. దానితోబాటు పటేలు, పట్వారీ చెప్పిన వెట్టి అంతా. ఊరందరి మడికి నీళ్లు పంచిన చెయ్యి ఊరబావిలో చేద వేయడానికి మాత్రం పనికిరాలేదు. చెరువులో మునిగి తూము తీస్తే ఆ నీళ్లకు మైల లేదు. అదే మనిషి బావి గట్టెక్కితే నీళ్లు మైలపడుతయి. నీరు పల్లమెరుగునని సామెత. మన ఊళ్లలో నీరు కులమెరుగును అని కూడా చెప్పుకోవాలె.

మనిషి అక్కర్లేని ఆనకట్ట

ఇప్పుడు సరళాసాగర్ దగ్గరికి వద్దాం. దాని గురించి ఎవరు రాసినా రెండు సంగతులు తప్పకుండా రాస్తరు. ఒకటి రాజా, రెండు సైఫన్. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వర్ రావు తన తల్లి సరళాదేవి పేరు మీద కట్టించిండు. 1949 సెప్టెంబర్‌లో మిలిటరీ గవర్నర్ జనరల్ చౌదరి పునాదిరాయి వేసిండు. 1959 జూలైలో మంత్రి జె.వి. నర్సింగరావు ప్రారంభించిండు. ఖర్చు 35 లక్షలు.

ఆ తేదీని జర ఆగి చూడాలె. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. నెల తిరక్కుండానే సంస్థానం పేరున రాజుగారి తల్లి పేరుతో పునాదిరాయి, వేసింది ఢిల్లీ పంపిన జనరల్. సంస్థానం పోతున్నది, పెత్తనం చేతులు మారుతున్నది. ఆ మారే చేతులు రెండూ కలుసుకున్న చోటు ఆ పునాదిరాయి. నల్లగొండ, వరంగల్ ఊళ్లలో భూమి కోసం, వెట్టికి వ్యతిరేకంగా జనం కొట్లాడుతుంటే ఇక్కడ సంస్థానం అభివృద్ధి రూపంలో చరిత్రలో నిలిచింది. ఆయకట్టు రైతులకు నీళ్లు రాలేదని మేము అనడం లేదు, వచ్చినయి. కానీ రిజర్వాయర్‌కు పేరు ఎవరిదో, మట్టి మోసిన చేతులు ఎవరివో లెక్క ఒకే దగ్గర రాయాలె అంటున్నం.

ఇక సైఫన్. దీన్ని చూడడానికి ఇంజనీర్లు దూరదూరాల నుంచి వచ్చిన్రు. గేట్లుండవు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే గొట్టం వంటి సిమెంటు గూటిలోని గాలి బయటికి తోయబడుతది. గాలి పోయిన చోటికి నీళ్లు ఎగదన్ని అవతలికి దుంకుతయి. మట్టం తగ్గగానే గాలి మళ్లీ చొరబడి ధార తెగిపోతది. కరెంటు వద్దు, మోటారు వద్దు, గేటు ఎత్తే మనిషి వద్దు. తనంతట తానే తెరుచుకుంటది, తనంతట తానే మూసుకుంటది. ఆ కాలానికి అద్భుతమైన పనితనమే, కాదనం.

కానీ "మనిషి అక్కర్లేదు" అన్న ఆ గొప్పలోనే మా ప్రశ్న ఉంది. సైఫన్ వరద సంగతి చూసుకుంటది. కట్ట సంగతి చూసుకోదు. మట్టికట్టకు మనిషి కన్ను కావాలె. ఏ బొక్కలో నీరు ఊరుతున్నదో సైఫన్‌కు తెల్వదు. 2019లో సైఫన్లు ఉన్నయి, నిలిచే ఉన్నయి. తెగింది కట్ట. మంచి యంత్రం ఉన్నదన్న ధీమాతో నీరడి చోటును ఖాళీ పెట్టిన ఏ వ్యవస్థకైనా ఇది వర్తించే పాఠం. కట్టను తెలిసినవాడి తెలివిని మనం లెక్కలోకే తీసుకోలేదు. లెక్కలోకి తీసుకోని తెలివికి వారసులుండరు.

చట్టం ఏం చేసింది?

నీరడి కాలక్రమంలో తనంతట తానే పోలేదు. చట్టాలు అతన్ని ఒక్కో మెట్టు దించినయి.

మొదటిది 1955 నాటి హైదరాబాద్ ఇనాముల రద్దు చట్టం. ఇనాములు రద్దయినయి, సాగు చేసేవాడికి హక్కు వచ్చిందని పాఠాల్లో చెప్తరు. కానీ ఆ చట్టం మొదట చేసినప్పుడు కొన్ని ఇనాములను వదిలిపెట్టింది. గుళ్లకు, ధర్మసంస్థలకు ఉన్న ఇనాములు ఒక రకం. ఊరికో సర్కారుకో సేవ చేసినందుకు ఇచ్చిన ఇనాములు రెండో రకం. ఆ రెండో రకం కింద పేరు పెట్టి మరీ రాసిన్రు: శేత్‌సింధీ, నీరడి, బలూత. అంటే పెద్ద ఇనాందారు కింద ఉన్న రైతుకు హక్కు దారి తెరిచిన చట్టమే నీరడి చెక్కను మాత్రం చాకిరితో కట్టేసి ఉంచింది. పని చేస్తేనే భూమి, పని మానితే భూమి లేదు. స్వతంత్రం వచ్చినంక ఎనిమిదేండ్లకు చేసిన చట్టం ఇది. దేవుడి భూమికి, మాలమాదిగల చాకిరి భూమికి ఒకే మినహాయింపు. ఒకటి పుణ్యం కోసం, ఇంకొకటి వెట్టి కోసం.

రెండోది 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు. గ్రామాల్లో భూస్వాముల పట్టు కొంత సడలిందన్నది నిజం, దాన్ని దళితులు ఆహ్వానించిన్రు. కానీ కింది సేవకుల బతుకు తేలలేదు. పేరు మారింది, పై అధికారి మారిండు, చాకిరి మారలేదు. వాళ్లు క్రమంగా గ్రామ రెవెన్యూ సహాయకులైన్రు. 2023లో ఆ వ్యవస్థను రద్దు చేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దిన్రు. కొందరిని నీటిపారుదల శాఖలోకి పంపిన్రు. తాత చేసిన పని దగ్గరికి మనవడు సర్కారు జీతం మీద తిరిగి వచ్చిండన్న మాట. మధ్యలో పోయిన తెలివిని మాత్రం ఏ జీవోతో తెస్తరు?

మూడోది 1997 నాటి నీటి సంఘాల చట్టం. రైతులే తమ నీళ్లను తాము నిర్వహించుకుంటరని ప్రపంచ బ్యాంకు మెచ్చుకున్న సంస్కరణ ఇది. ఆ సంఘంలో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాడికి. తూము ఇప్పేటోడికి ఆయకట్టులో గుంట లేకపోతే ఓటు లేదు. చేపలు పట్టేవాడికి, గేదెల్ని కడిగేవాడికి, బట్టలుతికే చాకలికి సొంతంగా ఓటు లేదు. వాన వెలిసినంక శికం భూమిలో ఇన్ని గింజలు చల్లుకునే భూమిలేని కుటుంబానికి అసలే లేదు. చెరువు ఊరిది, సంఘం మాత్రం భూమి ఉన్నవాళ్లది.

మట్టి మోసినోళ్లు

ఆత్మకూరు నుంచి మరో పక్క చూస్తే జూరాల. 1981లో ముఖ్యమంత్రి అంజయ్య పునాదిరాయి వేసిన ప్రాజెక్టు. బచావత్ ట్రిబ్యునల్ దీనికి 17.84 టీఎంసీలు కేటాయించింది. లక్ష ఎకరాల పైచిలుకు ఆయకట్టు. నీళ్లు నిలిచేసరికి 1990ల నడుమకు వచ్చింది. అంతవరకు కృష్ణ ఒడ్డున ఉండి కూడా ఈ ప్రాంతం కరువు ప్రాంతమే. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు హైదరాబాద్ రాష్ట్రం అనుకున్న ఎగువ కృష్ణ, భీమా పథకాలు మహబూబ్‌నగర్‌కు అందకుండా పోయిన కథ తెలిసిందే.

ఆ కరువు ఏం తయారు చేసింది? పాలమూరు లేబర్‌ను తయారు చేసింది. గుంపు మేస్త్రీ ఊరికొచ్చి పండుగ ముందర అడ్వాన్సు ఇచ్చేది. ఆలుమగలు, పిల్లలు లారీ ఎక్కి దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి పోయేది. మాదిగ, మాల, వడ్డెర, బోయ, లంబాడ, అన్ని కింది కులాల వాళ్లూ అందులో ఉన్నరు. మన పక్క నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ ఉంది. 1955లో పునాది, 1967లో నీళ్లు. రాతితో కట్టిన ఆనకట్ట అది. యంత్రాల కంటె మనుషుల తలల మీద లేచింది. ప్రాజెక్టులు లేని జిల్లా ప్రాజెక్టులు కట్టే మనుషుల్ని దేశానికి ఎగుమతి చేసింది. వాళ్లు కట్టిన కాలువ నీళ్లు ఎవరి పొలాలకో పారినయి. వాళ్లు ఇంటికొచ్చి అప్పుల లెక్క చూసుకున్నరు.

మేము ఆనకట్టలకు వ్యతిరేకులమా?

ఈ మాటలు విన్నవాళ్లు మమ్మల్ని ఆనకట్టల వ్యతిరేకులంటరేమో. కాదు. దళితులకు నీటితో ఉన్న చరిత్ర అంత సులభమైంది కాదు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిలి పట్టి తాగిన అంబేద్కరే, 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండి దామోదర్ లోయ పథకానికి, మహానది మీద హీరాకుడ్ ఆలోచనకు పునాది వేసిండు. 1945లో ఏర్పడిన కేంద్ర జలమార్గాల కమిషన్ ఆయన హయాంలోదే. ఊరి చెరువు మీద కులం పెత్తనం చేస్తున్నప్పుడు, ఊరిని దాటిన పెద్ద ఆనకట్ట, కరెంటు, పరిశ్రమ దళితుడికి ఊరి నుంచి విముక్తి దారి అవుతయని ఆయన ఆశించిండు. కాబట్టి పాత చెరువంతా మంచిది, కొత్త ఆనకట్టంతా చెడ్డది అనే పాట మేము పాడలేం. పాత చెరువు కట్ట మీద కట్టమైసమ్మ ఉన్నది నిజం. ఆ కట్ట నిలవడానికి ఎవరినో బలిచ్చిన్రన్న కథలు ఊరూరా ఉన్నదీ నిజం. బలి కథల్లో పటేలు బిడ్డ ఎన్నిసార్లు వస్తదో, కింది కులపు బిడ్డ ఎన్నిసార్లు వస్తదో లెక్క తీస్తే అదొక పరిశోధన అవుతది.

మా ప్రశ్న ఆనకట్ట ఉండాలా వద్దా అన్నది కాదు. ఆ నిర్ణయంలో కూర్చునేదెవరన్నది.

తీసేసేవాళ్లు ఏం నేర్పుతున్నరు?

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో కెనెబెక్ నది మీద 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ ఆనకట్టను 1999లో తీసేసిన్రు. ప్రభుత్వం లైసెన్సు మళ్లీ ఇవ్వమన్నది. ఆనకట్ట వల్ల వచ్చే లాభం కంటె చేపలకు, నదికి జరిగే నష్టం ఎక్కువని తేల్చింది. 2011 నుంచి 2014 దాకా ఎల్వా నది మీద రెండు ఆనకట్టలు తీసేసిన్రు. 2024 నాటికి క్లామత్ నది మీద నాలుగింటిని తీసేసిన్రు. క్లామత్ ఖర్చు 45 కోట్ల డాలర్లు. కొంత కరెంటు వాడకందార్ల బిల్లుల నుంచి, కొంత కాలిఫోర్నియా ప్రభుత్వం నుంచి వచ్చింది. 2021 నాటి మౌలిక వసతుల చట్టంలో ఆనకట్టల తొలగింపుకే వేరుగా డబ్బు పెట్టిన్రు.

ఇది పర్యావరణ ప్రేమ అని పైపైన చూస్తే అనిపిస్తది. కానీ క్లామత్ దగ్గర కొట్లాడింది యురోక్, కరుక్ తెగలు. ఆనకట్టల వల్ల వాళ్ల సాల్మన్ చేప పోయింది, చేపతోబాటు తిండి, పండుగ, బతుకు పోయినయి. 2002లో ఆ నదిలో చేపలు వేలాదిగా చచ్చి తేలినంక వాళ్లు ఇరవై ఏండ్లు పట్టు వదల్లేదు. ఇంకొక సంగతి మనకు మరీ ముఖ్యం. నీళ్లు పోయినంక మునిగిన భూమి బయటపడ్డది. అది ఎవరిది? వందేండ్ల కింద ఆ భూమి పోగొట్టుకున్న శాస్తా తెగవాళ్లకు దాదాపు 2,800 ఎకరాలు తిరిగి ఇస్తామని 2024లో కాలిఫోర్నియా ప్రభుత్వం ప్రకటించింది. నీళ్లు దిగినప్పుడు భూమి ప్రశ్న లేస్తది. అక్కడ అడిగేవాళ్లు సంఘటితంగా ఉన్నరు కాబట్టి జవాబు దొరికింది.

మన దగ్గరికి రండి. 2023 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం ముందు చెప్పిన లెక్క ప్రకారం దేశంలో వందేండ్లు దాటిన పెద్ద ఆనకట్టలు 234. ఒక్కదాన్నీ ఇంతవరకు తొలగించలేదు. 2025 నాటికి యాభై ఏండ్ల వయసుకు వచ్చేవి వెయ్యికి పైగా ఉంటయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2021లో లెక్క కట్టింది. అదే యేడు ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. పాత ఆనకట్టల మరమ్మతుకు ప్రపంచ బ్యాంకు, ఆసియా మౌలిక బ్యాంకుల అప్పుతో 736 ఆనకట్టలకు పది వేల కోట్ల పైచిలుకు పథకం పెట్టిన్రు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ తొందర ఎందుకో అందరికీ అర్థమైంది.

ఈ ఆనకట్టల్లో కొన్నింటినైనా రేపు తీసేయక తప్పదు. పూడిక నిండినవి, బాగు చేసే ఖర్చు ఇచ్చే నీళ్ల కంటె ఎక్కువైనవి ఉంటయి. ఆ రోజు జలాశయం అడుగు భూమి బయటపడుతది. ఒండ్రు మట్టి భూమి, బంగారం లాంటిది. దాని చుట్టూ ఎవరు మూగుతరో మనకు తెలియంది కాదు. శికం భూమి దున్నుకున్న దళితుడికి పట్టా లేదు కాబట్టి అతను ఆక్రమణదారు. అసైన్డ్ భూమి పోయినవాడికి పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పడానికే హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004 దాకా ఆగాల్సి వచ్చింది. ఏ కాగితమూ లేనివాడి సంగతి ఏంది?

మేమంటున్నది ఇదీ

ఆనకట్టను బాగు చేసినా, తీసేసినా, కట్టినా నాలుగు సంగతులు ముందు తేలాలె. ఒకటి, ఆ నీటి కింద, ఆ కట్ట మీద చాకిరి చేసిన కుటుంబాల చరిత్ర ఆ ప్రాజెక్టు రికార్డులో రాయాలె. నీరడి ఇనాం ఏమైంది, ఎవరి పేరు మీదికి మారింది అన్నది అందులో ఉండాలె. రెండు, నీటి సంఘంలో భూమి లేనివాళ్లకు ఓటు ఉండాలె. మూడు, ప్రమాదం వచ్చినప్పుడు ఎవరిని ముందు తరలించాలో రాసే పత్రం వాగు ఒడ్డున పల్లంలో ఉన్న వాడల్లో కూర్చుని, వాళ్ల మాటతో తయారు కావాలె. నాలుగు, ఏ జలాశయం ఖాళీ అయినా బయటపడ్డ భూమి మీద మొదటి హక్కు దాని కింద పోగొట్టుకున్నవాళ్లది, దాన్ని దున్నిన భూమిలేనివాళ్లది.

విద్యార్థులకు, టీచర్లకు ఒక పని చెప్తున్నం. మీ ఊరి చెరువు కట్ట మీదికి పోండి. అక్కడ నీరడి ఎవరుండేదో, వాళ్లింటివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నరో అడగండి. పాత ఖాస్రా పహాణీ తెరిచి చెరువు కింద నీరడి ఇనాం ఏ సర్వే నంబర్లో ఉన్నదో, ఇప్పుడు ఆ నంబర్ ఎవరి పేరున ఉన్నదో రాసుకోండి. సరళాసాగర్ పునాదిరాయి మీద రెండు పేర్లుంటే చాలు అనుకున్న కాలం ఒకటి గడిచింది. కట్టకు మట్టి మోసినవాళ్ల పేర్లు రాయకుండా రేపు తీసేసే ఆనకట్టల చరిత్ర కూడా వాళ్లే రాస్తరు. ఆ పని మనం ఇప్పుడే మొదలుపెట్టాలె, పెద్దమనుషులు బతికి ఉండగానే.